మామిడి పాకలో అతుకు

మా ఆయన సువర్ణరాజు నూజివీడులో ఫిజిక్సు లెక్చరరు. ఇల్లు విస్సన్నపేటలో. పొద్దున్నే బస్సులో నిలబడి వెళ్ళి, సాయంత్రం నిలబడే తిరిగొచ్చేవారు. కాళ్ళు కడుక్కుని పీహెచ్‌డీ కాగితాల ముందు కూర్చునేవారు. పదేళ్ళు ఇదే వరస. డెబ్భై ఆరులో పేరు నమోదైంది. ఎనభై ఆరు జూన్ ముప్పై ఆఖరి గడువు. అది దాటితే ఇంక డాక్టరేటు లేదు.

ఆ చదువేంటో నాకు అర్థమైనంత చెబుతాను. క్వాంటం క్షేత్ర సిద్ధాంతం అనేవారు, సౌష్ఠవ భంగం అనేవారు. విశ్వం పుట్టిన కొత్తలో మహా వేడిగా ఉండేదట. అప్పుడు అన్ని వైపులూ ఒకటే. చల్లబడుతుంటే, అంతటా నిండి ఉన్న క్షేత్రం ఏదో ఒక వైపు మొగ్గక తప్పలేదట. ఎటు మొగ్గాలో చెప్పేవాళ్ళెవరూ లేరు. ఎనభై మూడులో ఐరోపాలో ఏవో కణాలు దొరికాయని పేపర్లో పడితే, "మన సిద్ధాంతం నిలబడింది లేయా!" అని నన్ను పేరు పెట్టి కేకేస్తూ మైసూరుపాకు పట్టుకొచ్చారు. మాకు పండగంటే అదే.

థీసిస్ టైపు చేసినాయన లెక్కలున్న చోటల్లా ఖాళీ వదిలేశాడు. ఇండియన్ ఇంకుతో అవన్నీ నింపింది నేను. బళ్ళో పిల్లలకి దస్తూరీ నేర్పే పంతులమ్మని కదా! ఏ గుర్తు దేనికో తెలిస్తే ఒట్టు. మూడు కాపీలు, నల్ల అట్టలు, బంగారు అక్షరాలు. మే నాటికి అంతా సిద్ధం.

అప్పుడే చాట్రాయి నుంచి ఆడపడుచు ప్రమీలారాణి కబురు పెట్టింది. గాలివాన భయానికి తోటలో రసం మామిడికాయలన్నీ ఒక్కసారే కోయించిందట, మాగవేయడానికి మనుషులు చాలడం లేదట. ఆయన రానంటే నేనే లాక్కెళ్ళాను. నా ఖర్మ!

పాకలో వరిగడ్డి పరిచి కాయలు పేరుస్తారు. ఒక కాయ వంపులో ఇంకో కాయ ఒదగాలి, లేకపోతే కదిలి దెబ్బతింటుంది. అందుకని మొదటి కాయ ముక్కు ఎటు తిరిగితే మిగతావన్నీ అటే పెట్టాలి. మొదటిది ఎటు పెట్టినా ఎవరూ ఏమీ అనరు. ప్రతి ఏడూ ఒక చివరి నుంచే మొదలుపెట్టేవాళ్ళు. ఈసారి తొందరలో కూలీల్లో సరోజ జట్టు ఈ చివర, నాగేంద్రమ్మ జట్టు ఆ చివర కూర్చున్నారు. మధ్యలో కలిసేసరికి వీళ్ళ ముక్కులూ వాళ్ళ ముక్కులూ ఎదురెదురు. పాక ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఒదగని అతుకు.

"ఓసి నీ తెలివి తెల్లారినట్టే ఉంది! నన్నొక్క మాట అడగొద్దటే?" అంది సరోజ.

"అంత దూరంలో ఉన్నావు, నువ్వు ఎటు పెట్టావో నాకెలా తెలుస్తుందే?" అంది నాగేంద్రమ్మ.

అందరూ నవ్వారు. మా ఆయన ఆ అతుకు పక్కన చతికిలబడ్డారు. "ఐదో అధ్యాయం తప్పు లేయా," అన్నారు నెమ్మదిగా. "విశ్వమంతా ఒకేసారి ఒకే వైపు మొగ్గిందని రాశాను. ఆ చివరకి ఈ చివర సంగతి ఎలా తెలుస్తుంది? మధ్యలో అతుకులు పడాలిగా. నా లెక్కలో అవే లేవు."

మర్నాడే గైడు దగ్గరికి పరిగెత్తారు. ఆయన తాపీగా, "అవునండీ, ఆ అతుకుల మీద పదేళ్ళ కిందటే పేపరొచ్చిందట, ఆ సంచిక మన లైబ్రరీకి రాలేదు," అన్నాడట. "అయినా ఇప్పుడు దిద్దే వ్యవధి లేదు, ఇచ్చేయండి, ఎవరు చూస్తారు?" అని కూడా అన్నాడట.

జూన్ ముప్పై పొద్దున నేను నోటికొచ్చినట్టు అరిచాను. "పదేళ్ళ చదువండీ, నా కళ్ళు పోగొట్టుకుని రాశాను! గైడే ఇమ్మంటుంటే మీకేంటి?"

"నిజమే, నీకు అన్యాయం చేశాను," అన్నారు. "తప్పని తెలిశాక ఎలా ఇవ్వను?" కాపీలు బీరువా మీద పెట్టి బస్సుకి వెళ్ళిపోయారు. ఆ రోజు ఏడుస్తూనే ఉన్నాను.

మరుసటి వేసవి మళ్ళీ చాట్రాయి వెళ్ళాం. "ఏ చివరి నుంచి పెట్టమంటారు మాస్టారూ?" అని సరోజ ఆటపట్టించింది.

"రెండు చివర్ల నుంచీ పెట్టండమ్మా, ఒక్కసారికి," అన్నారు.

పెట్టారు. అతుకు పడింది. పీట వేసుకుని దాని ముందు కూర్చుండిపోయారు. పదేళ్ళలో ఆయన సొంతంగా కనిపెట్టింది అదొక్కటే, అదీ ఎవరో ముందే కనిపెట్టేశారు. వెళ్ళి పక్కన కూర్చుని, "ఇప్పుడు చెప్పండి, నేను రాసిన గుర్తుల్లో ఇది ఎక్కడ రావాలి?" అని అడిగాను.