వలకు మూడో చెయ్యి

స్టేషన్ ఘన్‌పూర్‌లో బస్సు దిగినవాళ్లకు భిక్షపతి ముందు వినిపించేవాడు, తర్వాత కనిపించేవాడు. పదిహేడేళ్లు ఆటో నడిపాడు. పదిహేడేళ్లూ ఆ నోటికి విశ్రాంతి లేదు.

"ఇంకొక్కలే, ఇంకొక్కలే! కూసో అవ్వా, నువ్వు కూసునుడే ఆలస్యం!" అని పిలిచి, ఎనిమిదిమంది ఎక్కాక కూడా ఆ ఒక్కరి కోసం చూస్తూ నిలబడేవాడు. లోపల ఇరుక్కున్నవాళ్లకు కోపం రాకుండా ముచ్చట అందుకునేవాడు. ఎవరి బర్రె ఈనిందో, ఏ బావిలో నీళ్లు పడ్డాయో, ఏ పెండ్లిలో కూర చాలలేదో అన్నీ అతనికే తెలియాలి. ఆటోలో పాటల డబ్బా చెడిపోయి ఆరేళ్లయినా ఒక్కరూ అడగలేదు. అడగాల్సిన అవసరం రాలేదు.

ఆడవాళ్లకు బస్సు ఉచితమయ్యాక ఆటో వెనక సీటు ఖాళీ అయింది. ముచ్చట ఎంత బాగున్నా దాని కోసం ఎవరూ ఆటో ఎక్కరు. నలభై రెండేళ్ల వయసులో భిక్షపతి తన ఊరి చెరువు వైపు తిరిగాడు. ఊరు ఘన్‌పూర్‌కు ఆరు కిలోమీటర్లు. పుట్టింది చేపలు పట్టే ఇంట్లోనే. తండ్రి చంద్రయ్య ఊరి చేపల సొసైటీలో సభ్యుడు. ఆయన పోయిన రోజుల్లో కొడుకుకు ఆటోతో ఊపిరాడేది కాదు కాబట్టి ఆ జాగా కోసం పేరు ఇవ్వలేదు. ఇప్పుడు సొసైటీ పుస్తకంలో పేరు లేనివాడు ఆ చెరువులో వల తడపడానికి వీల్లేదు. కొత్త పేర్లు ఆరేడేళ్లకు ఒకసారి రాస్తారు. ఈ ఏడు రాస్తున్నారని తెలిసి భిక్షపతి సొసైటీ పెద్ద కట్టయ్య దగ్గరికి పోయాడు.

కట్టయ్యకు డెబ్బై దాటాయి. రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ. గడపలో కూర్చుని వల చిక్కు తీస్తున్నాడు.

"కట్టయ్య మామా, నా పేరు సుత రాయున్రి."

"దేనికి?"

"దేనికేంది మామా! మా నాయిన ఉండె గద సొసైటీల. నేను పరాయోణ్నా? నాకు నాలుగు మండలాల మనుషులు ఎరికే. రేపు చేపలు కొనేటోళ్లు వస్తె, ఎవలితోని ఎట్ల మాట్లాడాల్నో..."

"నోరు మంచిదైతే ఊరు మంచిదంటరు," అన్నాడు కట్టయ్య తల ఎత్తకుండానే. "ఊరు మంచిదే. మరి చేప పడుతదా?"

ఆ తర్వాత కావలసింది చెప్పాడు. మత్స్య శాఖ నుంచి సారు వస్తాడు. చెరువు దగ్గర మూడు పనులు చేయించి చూస్తాడు. కట్ట నుంచి నీళ్లు వదిలే తూము దాకా ఈది రావాలి. చినిగిన వలను అతని ముందే కూర్చుని అల్లాలి. చివరికి విసురు వల విసరాలి. అది నీటి మీద గుండ్రంగా పడాలి. విసరడానికి మూడు అవకాశాలు.

"ఈత వస్తది," అన్నాడు భిక్షపతి.

"తక్కినయి?"

భిక్షపతి చిక్కుపడిన వల వైపు ఒకసారి చూసి, చెప్పులు తొడుక్కున్నాడు.

ఇంటికి పోయి చెబితే భార్య కళ్యాణి నవ్వింది. ఆమెది ఇనుప రాయి దొరికే బయ్యారం. "ఇనుప రాళ్ల మీద పుట్టిన నాకు నీళ్లంటె భయం. నీకేమో పనంటె భయం. మంచి జోడే దొరికింది చెరువుకు," అంది. నవ్వి ఊరుకోలేదు. ఐలమ్మ దగ్గరికి పొమ్మన్నదీ ఆమే.

ఐలమ్మ భిక్షపతి తల్లికి చెల్లెలు. పేరు సొసైటీ పుస్తకంలో లేదు. కానీ ఆ చెరువులో తడిసే వలల్లో సగానికి పైగా ఆమె వేళ్ల మీదుగా పోయినవే. భర్త బతికుండగా ఆయన విసిరేవాడు, ఆమె అల్లేది. ఎందుకు చినిగిందో చూస్తే ఎట్లా విసిరాడో ఆమెకు తెలిసిపోయేది.

మొదటి వారం ముడులే. వెదురు సూదికి దారం చుట్టి ఇచ్చి, చినిగిన వల ముందు పడేసింది. భిక్షపతి ఆటో వైర్లు తానే కలుపుకున్నవాడు కాబట్టి వేళ్లు త్వరగానే వంగాయి. కానీ ముడి వేస్తూ వేస్తూ, జఫర్‌గఢ్ సంతలో ఎద్దు తప్పిపోయిన కథ ఎత్తుకున్నాడు. ఐలమ్మ వినింది. కథ అయ్యాక వల తీసుకుని రెండు వేళ్లతో లాగింది. నాలుగు ముడులు జారిపోయాయి.

"గివి ముడులు కావు బిడ్డా. ముచ్చట్లు."

"మల్లేస్త చిన్నమ్మా. దానికేమున్నది?"

"వెయ్యి. ఎద్దు దొరికిందని నాకెరికే. నోరు మూసుకొని వెయ్యి."

పదిహేను రోజులకు ముడి నిలిచింది. అప్పుడు వాకిట్లో ముగ్గుతో పెద్ద గీత గుండ్రంగా గీసి, వల ఆ గీత మీద పడాలని చెప్పింది. నీళ్లలో విసిరే ముందు నేల మీద విసరాలి. నేల అబద్ధమాడదు, పడిన వల పడినట్టే కనిపిస్తుంది.

వలను మూడు పాళ్లు చేయాలి. ఒక పాలు ఎడమ మోచేతి మీద. ఒక పాలు కుడిచేతిలో. మూడో పాలును ఎక్కడ పెట్టుకోవాలో భిక్షపతికి అర్థం కాలేదు.

"నాకు చేతులు రెండే ఉన్నయి చిన్నమ్మా."

"నోరు మూడో చెయ్యి," అంది ఐలమ్మ. బరువుకు గుండ్లు కట్టిన వల అంచును అతని ముందు పళ్ల మధ్య పెట్టింది. "నడుం తిప్పు. కుడిచెయ్యి ఇడిశినంక పండ్లు ఇడువు. ముందుగాల ఇడిశినవా, వల తాడు లెక్క పడుతది. ఆలస్యం జేశినవా, వల ఎంబటి పన్ను పోతది."

చెప్పినంత సులువుగా లేదు. విసిరే ముందు ఏదో ఒకటి అనాలనిపించేది. "సూడు చిన్నమ్మా" అనేవాడు, వల పొట్లకాయలా నేల మీద పడేది. గోడ అవతల ఎవరో పలకరిస్తే "ఆఁ" అనేవాడు, మళ్లీ పొట్లకాయే. ఒకరోజు పట్టుదలతో పళ్లు బిగించాడు. ఎంత బిగించాడంటే వదలాలన్న సంగతే మర్చిపోయాడు. ముందు పన్ను ఒకటి కదిలి, నాలుకతో తోస్తే ఊగడం మొదలుపెట్టింది.

ఆ రోజుల్లో ఇంట్లో కళ్యాణికి కొత్త అనుభవం ఎదురైంది. మొగుడు అన్నం ముందు కూర్చుని అన్నమే తింటున్నాడు. రెండు రోజులు చూసి, మూడోరోజు అడిగింది. "దవాఖానకు పోదామా?"

"ఎందుకే?"

"గంతనా? ఇంకేం అనవా? నాకు పరేషాన్ అయితున్నది."

మార్చిలో పరీక్ష రోజు వచ్చింది. చెరువు నిండితే నీళ్లు పొర్లే మత్తడి పక్కన కట్ట మీద సొసైటీవాళ్లు నలభై ఒక్కమంది వరుసగా కూర్చున్నారు. సారు రిజిస్టరు తెచ్చుకుని కుర్చీలో కూర్చున్నాడు. పేర్లు ఇచ్చినవాళ్లు ముగ్గురు. ముందు విసిరిన ఇద్దరూ చిన్నప్పటి నుంచి తెప్ప మీద పెరిగినవాళ్లు, వాళ్లకు ఒక్కసారిలోనే అయిపోయింది. భిక్షపతి ఈతకు సారు సరే అన్నాడు. అల్లిన వలను వెలుతురుకు పట్టి చూసి సరే అన్నాడు. మిగిలింది విసరడం.

మోకాళ్ల లోతు నీళ్లలోకి దిగి, వల మూడు పాళ్లు చేసి, అంచు పళ్లతో పట్టుకున్నాడు. నడుము వెనక్కి తిప్పాడు. సరిగ్గా అప్పుడే కట్ట మీద నుంచి ఒక గొంతు వినిపించింది. రోజుకు పది మాటలు దాటని కట్టయ్యది.

"భిక్షపతీ! వరంగల్‌కు ఇంకెందరు కావాల్నే?"

పదిహేడేళ్ల అలవాటు. "ఇంకొక్క..." అనేసింది నోరు. వల తాడులా పడి మునిగింది. కట్టంతా గొల్లుమంది. సారు కూడా రిజిస్టరు అడ్డం పెట్టుకున్నాడు.

"ఒక్కటి అయింది," అన్నాడు కట్టయ్య.

భిక్షపతి వల లాగి, పిండి, మళ్లీ సర్దుకున్నాడు. ఈసారి ఏం అడిగినా పలకకూడదనుకున్నాడు. నడుము తిరిగింది.

"మీ ఆటోల ఎక్కినోళ్లు ఇంక దిగలేదంట. నీ ముచ్చట ఒడువలేదని."

పలకలేదు. కానీ నవ్వు కడుపులో నుంచి పైకి వచ్చింది. నోరు తెరుచుకోకుండా ఉండాలని పళ్లు బిగించాడు, బిగించి ఆలస్యం చేశాడు. వల సగం విచ్చుకుని బూందీ జల్లెడ వంగినట్టు వంకరగా పడింది. అతని నోటి దగ్గర చురుక్కుమంది. నాలుకతో తడిమితే అక్కడ ఊగే పన్ను లేదు.

"వలకు గుండు ఒకటి ఎక్వయింది!" అని ఎవరో అరిచారు.

నెత్తురు చూసి సారు లేచాడు. "ఇయ్యాల్టికి చాలు. మళ్లీ పేర్లు రాసినప్పుడు రా."

మళ్లీ పేర్లు రాసేది ఆరేడేళ్లకు. అప్పటికి తనకు యాభై దగ్గరవుతాయి. బస్టాండులో నిలబడి ఖాళీ సీట్లకు ముచ్చట చెప్పుకోవడం కళ్ల ముందు కదిలింది. భిక్షపతి తల అడ్డంగా ఊపి, చెరువు నీళ్లు పుక్కిలించి ఉమ్మి, ఒక వేలు పైకెత్తి చూపించాడు. ఇంకొకటి ఉంది కదా అని.

సారు కట్టయ్య వైపు చూశాడు. కట్టయ్య అవునన్నట్టు కళ్లు మూసి తెరిచాడు.

ముందు పళ్లు పనికిరావు. అంచును ఎడమ పక్క పళ్లకు మార్చాడు. మార్చాక వల బరువు వేరుగా తూగింది. కాలు కొంచెం ఎడంగా పెట్టి దాన్ని సరిచేసుకున్నాడు. నడుము తిప్పి ఆగాడు. ఇప్పుడు ఏమంటాడు మామ? నాయిన మాట ఎత్తుతాడా? పన్ను మాట ఎత్తుతాడా? చెవులు వెనక్కి పెట్టి ఎదురుచూశాడు. ఏ మాటా రాలేదు. కట్ట మీద దగ్గు కూడా లేదు. మాట కోసం చూస్తూ తాను వలను మరిచాడని అప్పుడు తెలిసింది. చూపు నీటి మీదికి తెచ్చుకున్నాడు. తూము వైపు సన్నగా ఒక సుడి కనిపించింది. దాని మీదికి గురిపెట్టాడు.

కుడిచెయ్యి వదిలింది. పళ్లు వదిలాయి. మోచెయ్యి వదిలింది. గాలిలో వల పళ్లెంలా విచ్చుకుని, చుట్టూ గుండ్లన్నీ ఒక్క చప్పుడుతో నీళ్లలో పడ్డాయి.

సారు రిజిస్టరులో గీత పెట్టాడు. భిక్షపతి మణికట్టుకు కట్టుకున్న వల తాడు మెల్లగా లాగితే రెండు జెల్ల చేపలు, అరచేయంత బంగారుతీగ చేప ఒకటి వచ్చాయి.

కట్ట ఎక్కాక కట్టయ్య అతని దవడ పట్టుకుని గాయం చూశాడు. "తెప్ప మీద పక్కోడు పలకరిస్తె పలికినవనుకో, ఇద్దరూ నీళ్లల్ల పడుతరు. గందుకే అడిగిన."

"మరి మూడోసారి ఎందుకు అడుగలే మామా?" గాలి పోయే నోటితో అన్నాడు భిక్షపతి.

"నేను అడుగకుంటె నువ్వు నా దిక్కు సూస్తవో, నీళ్ల దిక్కు సూస్తవో అని."

సారు పని అక్కడితో అయిపోయింది. సొసైటీ పని అప్పుడే మొదలైంది. అది ఆ ఊరి ఆనవాయితీ, ఏ కాగితంలోనూ ఉండదు. కొత్తగా వచ్చేవాడు తన సొంత వల తానే అల్లుకొస్తాడు. చివరి వరుస మాత్రం విడిచి తెస్తాడు. ఆ వరుసలో ఒక్కో సభ్యుడు ఒక్కో ముడి వేస్తాడు. ఇష్టం లేనివాడు వేయడు. అక్కడ వల కన్ను, అంటే దారాల మధ్య సందు, తెరిచే ఉంటుంది. ఒక్క కన్ను తెరిచి ఉన్నా ఆ వల చెరువులోకి దిగదు.

తక్కిన ఇద్దరి వలలూ అయ్యాక, ఐలమ్మ దగ్గర కూర్చుని రెండు నెలలు అల్లిన వలను భిక్షపతి కట్ట మీద పరిచాడు. సూది ఒక చేతి నుంచి మరో చేతికి పోయింది. ఒకడు వేస్తూ, "నన్ను ఒకనాడు ఘన్‌పూర్ల గంటసేపు కూసోబెట్టినవ్, యాదికున్నదా?" అన్నాడు. ఇంకొకడు, "గసొంటి గంటల్నే నా పెండ్లి సంబంధం దొరికింది, నేనైతే రెండు ముడులేస్త," అన్నాడు. ఒకతను సూది పట్టుకుని వలను అటూ ఇటూ తిప్పాడు, ముడి వేయలేదు. భిక్షపతి లేచి అతని దగ్గరికి పోయాడు. చివరికి అతను కళ్లద్దాలు ఇంట్లో మరిచానని చెప్పి, కన్ను ఎక్కడుందో చూపించమన్నాడు.

నలభై ఒకటోవాడు కట్టయ్య. తిన్నగా ముడి వేశాడు, రెండు వేళ్లతో లాగి చూశాడు, పక్క ముడులు కూడా లాగి చూశాడు. ఒక్కటీ జారలేదు.

"ఐలమ్మ చెయ్యి," అన్నాడు. కొంచెం ఆగి, "నీది సుత," అని చేర్చాడు.

ఆనాటి కూర చివర నెగ్గిన కొత్త సభ్యుడే వండాలి, అందరికీ వడ్డించి ఆఖరున తినాలి. సొసైటీవాళ్లు తెచ్చిన బొచ్చె, రవ్వ చేపలతోపాటు తన మూడు చేపలూ పెద్ద గంజులో వేసి చింతపులుసు పెట్టాడు. నలభై ఒక్కమందికీ, కొత్తగా చేరిన ఇద్దరికీ వడ్డించి, మిగిలిన పులుసులో అన్నం కలుపుకుని ఒక పక్క పళ్లతో మెల్లగా నములుతున్నాడు. కట్టయ్య రెండోసారి పళ్లెం పట్టుకుని వచ్చాడు.

"ఉప్పు ఎక్వయింది," అన్నాడు పులుసు వేయించుకుంటూ. "రేపు పొద్దుగాల అయిదింటికి తూము కాడికి రా. తెప్ప మీద ముంగట నువ్వు, ఎనుక నేను."