పిల్ల మేనమామ ముందు మూడు బీర్లు

పెళ్లిచూపుల్లో కాఫీ ఒలకబోసుకున్నవాళ్లను మీరు చూసి ఉంటారు. నేను ఏకంగా పరువే ఒలకబోసుకున్నాను. అదీ కెమిస్ట్రీ లెక్చరర్‌నై ఉండి! వినండి.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులు. నేను చైతన్యపురిలో ఒక కోచింగ్ సెంటర్‌లో పాఠాలు చెప్పేవాణ్ని. మన్సూరాబాద్ నుంచి సంబంధం వచ్చింది. సునీత నాకు నచ్చింది, నేనూ ఆమెకు నచ్చానట. ఇక మిగిలింది ఆమె మేనమామ సత్తయ్య ఒప్పుకోవడం. నాన్నతో కలిసి వెళ్లాను. మా నల్లగొండ వైపు ఆ ఒప్పుకోలు గ్లాసుతోనే జరుగుతుంది. తాగనంటే సంబంధం వద్దన్నట్టే.

"విస్కీనా, బీరా సారూ?" అన్నాడు సత్తయ్య.

లేబుళ్లు చదివాను. విస్కీలో ఆల్కహాల్ దాదాపు నలభై మూడు శాతం, బీరులో ఎనిమిది. ఎనిమిదంటే నీళ్లతో సమానం కదా!

"బీరే మామా. మనది మితం."

ఒక సీసాతో ఆపి ఇంటికి బయల్దేరదామంటే ఎల్బీ నగర్ చౌరస్తాలో రాస్తారోకో. రోడ్డు తెరుచుకోలేదు, రెండో సీసా తెరుచుకుంది. ఆ తర్వాత మూడోది. సత్తయ్య మాత్రం నీళ్లు కలుపుకుని రెండు పెగ్గుల దగ్గరే ఆగాడు. పైగా ఆయనకే నేను క్లాసు పీకాను. చెప్పేవి శాతం నీతులు, తాగేవి నిండు సీసాలు!

"మామా, ఇగ సాలు. నలభై మూడు శాతమది! పానం జర చూసుకోండ్రి!" అంటూ లేచి నిలబడ్డాను. గోడలు మాత్రం నిలబడలేదు. నాన్న నా చొక్కా పట్టి లాగితే కుర్చీలో కాక, నంజుకోవడానికి ఉడికించి పెట్టిన శనగ గుడాల పళ్లెంలో కూర్చున్నాను.

గుమ్మంలోంచి సునీత అడిగింది. "సార్, ఆరువందల యాభై ఎమ్మెల్ సీసాల ఎనిమిది శాతమంటే ఎంత?"

"యాభై రెండు."

"అరవై ఎమ్మెల్ పెగ్గుల నలభై మూడు శాతం?"

"ఇరవై ఆరు... దగ్గరదగ్గర."

"అంటే ఒక్క సీసా ఎన్ని పెగ్గులు?"

"రెండు."

"మా మామ రెండు పెగ్గులు తాగిండు. మరి మీరు?"

"ఆరు," అన్నాను. శాతం చూశాను గానీ సీసా ఎంతుందో చూడలేదు. ఈ తప్పు చేస్తే క్లాసులో పిల్లలకు నేను సున్నా వేస్తాను. సంబంధం పోయినట్టేనని నిజంగానే ఏడుపొచ్చింది.

సత్తయ్య గ్లాసు కింద పెట్టాడు. "ఆరు పెగ్గులు తాగి గూడ లెక్క తప్పలే, అబద్ధమాడలే! గిసొంటోడు యాడ దొర్కుతడు? ఖాయం చెయ్యుండ్రి!"

"నాకు గూడ ఇష్టమే," అంది సునీత. "గని ఇగ లేబుల్ సదివే పని నాది."

పెళ్లినాడు అగ్నిసాక్షిగా నేను చేసిన ప్రతిజ్ఞ ఇది: శాతాన్నీ సీసానూ విడదీసి చూడను. రెండూ కలిపి లెక్కగట్టి, మా ఆవిడ నాకు నిమ్మరసం పోస్తుంది.