ప్రకాశం హాజరు

జ్ఞానప్రకాశం కడియం కుర్రాడు. రాజమండ్రిలో మా కాలేజీలో బీఎస్సీ రెండో ఏడాది చదివాడు. తల్లి పేరు బేబీ, పూలమొక్కల నర్సరీలో కొమ్మలకు అంట్లు కట్టే కూలి. వీడు పొద్దున్నే లారీలకు మొక్కలెక్కించి, చొక్కా మార్చుకుని, చాలా రోజులు రెండో పీరియడ్‌కు కాలేజీకి చేరేవాడు. మొదటి పీరియడ్ నాది, బోటనీ. మొక్కల సంగతి వాడికి నాకన్నా ఎక్కువే తెలిసుండాలి. దానికి హాజరు పట్టీలో గడి లేదు.

నా సబ్జెక్టులో హాజరు నలభై ఒక్క శాతం వచ్చింది. పరీక్ష రాయనివ్వలేదు. "సరేనండి" అని వెళ్లిపోయి ఆర్మీలో చేరాడు. పోయిన ఏడాది మే నెలలో సరిహద్దులో ఫిరంగి గుండు పడి చనిపోయాడు.

ఈ మే నెలలో కాలేజీలో సంస్మరణ సభ పెట్టారు. నాలుగు మంచి మాటలు రాసుకురమ్మని ప్రిన్సిపాల్ అప్పాజీ గారు ఆ పని నాకే అప్పగించారు. చచ్చినవాడి కళ్లు చారెడు కదా! "ఒక్క రోజైనా క్లాసు మానని విద్యార్థి" అని రాసి, వేదికెక్కి గట్టిగా చదివాను. చప్పట్లు కొట్టారు.

తరువాత మైకు బేబీకి ఇచ్చారు. చర్చిలో సాక్ష్యం చెప్పేటప్పుడు నిలబడినట్టే కళ్లు మూసుకుని నిలబడింది.

"సాక్ష్యంలో అబద్ధం ఆడకూడదండి. మావాడు రోజూ క్లాసుకి రాలేదండి. హాజరు చాలదని ఆపేశారండి. ఎవరాపారో వాడు చెప్పలేదు. మంచి మాస్టారే అన్నాడండి, అంతే."

చర్చిలో ఒకరి సాక్ష్యం అయ్యాక మైకు పక్కవాళ్లకిస్తారట. ఆవిడ పక్కన కూర్చున్నది నేనే. నాకిచ్చింది.

మైకు చేతిలో ఉంది, అందరూ చూస్తున్నారు. సిగ్గుతో చచ్చిపోయాను.

"ఆపింది నేనేనండి," అన్నాను.

అప్పాజీ గారు గబగబా వందన సమర్పణ చేసేశారు.

బయట ఆవిడ నా దగ్గరికొచ్చింది. తిడుతుందనుకున్నాను.

"వాడు మీ క్లాసులో ఎక్కడ కూర్చునేవాడండి? ఒక్కసారి చూపిస్తారా?"

నాకు తెలియదు. ఎంత ఆలోచించినా పట్టీలో సున్నాలే గుర్తొచ్చాయి గాని వాడు కూర్చున్న చోటు గుర్తు రాలేదు. తీసుకెళ్లి, కిటికీ పక్కన మూడో బెంచీ చూపించాను. ఆవిడ అందులో కూర్చుని, బల్లంతా చేత్తో తడిమింది.

"బోర్డు బాగానే కనబడుతుందండి," అంది తృప్తిగా.

"అవునమ్మా," అన్నాను.