లాప్‌టాప్ సంచీతో వచ్చినవాళ్ళందరికీ ఛాయ్

నిన్న ఆఫీసులో కొత్త సాఫ్ట్‌వేర్ ఒకటి వేసుకుంటుంటే పొడుగాటి షరతుల పేజీ వచ్చింది. అందరిలాగే నేనూ చదవకుండా కిందిదాకా జరిపి ‘అంగీకరిస్తున్నాను’ అని నొక్కేశాను. నొక్కాక మా మామ గుర్తొచ్చి కాసేపు పని సాగలేదు.

ప్రత్యేక రాష్ట్రం వచ్చిన కొత్తలో, డిప్లొమా పూర్తయి ఉద్యోగం దొరకని రోజుల్లో, కొల్లాపూర్‌లో మామ నడిపే పెండ్లిపత్రికల దుకాణంలో పనిచేసేవాణ్ణి. పాత కంప్యూటర్ ఆగిపోయేలా ఉందని ఫైళ్ళన్నీ కొత్తదానిలోకి ఎక్కించాం. పాతది ఆగనే ఆగిపోయింది, కొత్తదానిలో తెరిస్తే తెలుగు అక్షరం ఒక్కటీ లేదు, అన్నీ పిచ్చి గుర్తులే. వాటిలో ఒక రైతు బిడ్డ పెండ్లిపత్రిక ఉంది. ఎవరి పేరు ముందుండాలి, ఎవరిది వెనుక అన్న పంచాయితీ రెండిండ్ల మధ్య అప్పుడే తెగింది, తెగిన వరుస ఆ ఫైల్లో తప్ప ఇంకెక్కడా లేదు, తెల్లారితే పంచాలి. వరుస తప్పితే పెండ్లి దాకా మాట పోతుందని ఆ తండ్రి బెంచీ మీద నుంచి లేవలేదు.

వెతగ్గా వెతగ్గా, పాత కంప్యూటర్ అక్షరాలను కొత్తదానికి తెలిసేలా మార్చే చిన్న ప్రోగ్రాం ఇంటర్నెట్‌లో దొరికింది. రాసినాయన పేరు లేదు. వాడుకునే షరతుల లైసెన్సు మాత్రం మూడే ముక్కలు: దీన్ని మీ ఇష్టమొచ్చినట్టు వాడుకోండి, మార్చుకోండి, పంచుకోండి; చెడితే నన్ను తిట్టుకోకండి; ఎప్పుడైనా కలిస్తే, పనికొచ్చిందనిపిస్తే, ఒక ఛాయ్ తాగించండి.

మామ నమ్మలేదు. “గిట్ల ఎవడన్న రాస్తడారా? కింద ఇంకేమన్న ఉంటది, జర మంచిగ సూడు. రేపొచ్చి దుకాణం నాదంటే?”

కింద ఏమీ లేదు. బెంచీ మీది పెద్దమనిషికి ఓపిక పోయింది. “ఛాయే గద అడిగిండు అన్నా. ఆయనొస్తే నా పేరు మీద రెండు తాగిపియ్యి. ముందుగాల నా పత్రిక కొట్టు.”

ఒకటి రెండు ఒత్తులు సరిచేస్తే చాలు, పేర్లన్నీ ఖాయమైన వరుసలోనే తిరిగొచ్చాయి. ఆయన వేలు పెట్టి చదువుకుంటూ పోయి, చివరి పేరు దగ్గర ఊపిరి వదిలాడు.

ఆనాటి నుంచి భుజాన లాప్‌టాప్ సంచీతో ఎవరు గడప తొక్కినా మామ ఎదురు హోటల్‌కు కేకేసి ఛాయ్ చెప్పేవాడు. సిరా అమ్మేవాళ్ళు, బీమా ఏజెంట్లు, దగ్గర్లోని సోమశిలకు దారి అడగడానికి ఆగినవాళ్ళు, అందరూ తాగారు. ప్రోగ్రాం రాసింది వాళ్ళేనేమో ముందు అడగరాదా అని ఒకసారి నేనంటే, మామ నా వైపు వింతగా చూశాడు.

“అడిగి పోస్తే గదేం మర్యాదరా? చెప్పుకునెటోడైతే పేరు రాసుకోకపోవునా?”

ఆ దుకాణంలో నేర్చిన పనితోనే తరువాత నాకు ఉద్యోగం దొరికింది. నేను రాసి నలుగురికీ వదిలిన చిన్న ప్రోగ్రాముల కింద కూడా ఆ మూడు ముక్కలే ఉంటాయి. ఇప్పుడు పెండ్లిపత్రికలు ఫోన్‌లో బొమ్మలుగా వస్తున్నాయి, దుకాణం మూతపడింది, మామ ఇంటిపట్టున ఉంటున్నాడు. షరతులు ఎవరూ చదవడం లేదు, నాతో సహా. ఆ పేరులేని ఆయన ఎప్పుడో ఒకనాడు కొల్లాపూర్‌లో దారి అడగడానికి ఆగి, ఎందుకిస్తున్నారో తెలియని ఛాయ్ ఒకటి తాగి వెళ్ళే ఉంటాడని మాత్రం నాకు గట్టి నమ్మకం.