బోర్డు వెనక నిలబడటం

సూపర్‌వైజరు పని నాకొద్దని రాసిచ్చేద్దామని ఆ ఏడు అరవవాళ్ళ పెరటాసి నెల మొదటినుంచీ అనుకుంటూనే ఉన్నాను. అప్పట్లో అదేమీ వింత కాదు. ప్రమోషన్ వచ్చిన ఆడవాళ్ళు చాలామంది వద్దని రాసిచ్చి, పాత కుర్చీలోనే రిటైరయ్యేవాళ్ళు.

తిరుపతి టెలిఫోను ట్రంకు ఎక్స్చేంజిలో చాలా ఏళ్ళు ఆపరేటరుగా పనిచేశాను. చెవులకు హెడ్‌సెట్టు, ముందు బోర్డు, బోర్డు మీద దీపాలు. దీపం వెలిగితే తీగ గుచ్చడం, అవతలి ఊరిని పిలవడం, ఇద్దరినీ కలపడం. ఆ పనిలో నన్ను మించినవాళ్ళు లేరని నాకు కొంచెం పొగరు కూడా ఉండేది. ఆ పొగరుకు బహుమానంగా సూపర్‌వైజర్ని చేశారు. మద్రాసులో ట్రైనింగుకు పంపారు. క్లాసులో నేనొక్కదాన్నే ఆడమనిషిని. నాయకత్వం గురించి ఒకాయన ఇంగ్లీషులో చెబుతుంటే బుద్ధిగా రాసుకున్నాను, తిరుపతి బస్సు దిగేసరికి మర్చిపోయాను.

సూపర్‌వైజరు బోర్డు ముందు కూర్చోకూడదు. ఆపరేటర్ల వెనకాల తిరుగుతూ అందరినీ కనిపెట్టుకుని ఉండాలి. నాకది చేతకాలేదు. ఏ పిల్ల తడబడినా "లే, నేను చూస్తా" అని హెడ్‌సెట్టు లాక్కుని కూర్చునేదాన్ని. ఇక పెరటాసి శనివారాల సంగతి చెప్పనక్కర్లేదు. అరవదేశం అరవదేశమంతా కొండకు కదిలొచ్చేది. దర్శనం చేసుకుని దిగిన జనం వేలూరుకనీ మద్రాసుకనీ ఫోన్ల కోసం మా బూత్‌ల దగ్గర తోసుకునేవాళ్ళు. నా పనీ పిల్లల పనీ చేసి, చేతులు పడిపోయి ఇల్లు చేరితే మా అత్తగారు గోడతో చెప్పేది: "ఆపీసులో పెత్తనం ఇచ్చినారంట. ఇంట్లో చారు కాచేదానికి పొద్దు సాల్లేదంట." నాకు కోపం వచ్చేది కాదు. కోపం రావడానికి కూడా ఓపిక ఉండాలి కదా.

నాకంటే ముందు సూపర్‌వైజరయిన ఆడమనిషి మా ఎక్స్చేంజిలో ఒక్కతే ఉండేది. కార్వేటినగరం ఆమె, ఇంకొన్ని నెలల్లో రిటైరు కాబోతోంది. అందరం పెద్దక్కా అనేవాళ్ళం. ఒక శనివారం ఆమె తన డ్యూటీకి తొందరగా వచ్చింది. నేను బోర్డు ముందు కూర్చుని తీగలు గుచ్చుతున్నాను.

"ఏమ్మే, కాళాస్తి లైను ఎట్లుండాది?"

"తెలీదక్కా, నేను వేలూరు సూస్తా ఉండా."

"అది సచ్చి శానాసేపయింది. ముగ్గురు పిల్లలు ఒకరి తరవాత ఒకరు దాన్నే పొడస్తా ఉండారు. బయట జనానికి ఇదో అదో అని సెప్తా ఉండారు. నీకు తెలీకపోతే ఇంకెవురికి తెలస్తాది?"

తల కొట్టేసినట్టయింది. పొద్దున్నుంచి మంచినీళ్ళు కూడా తాగకుండా పనిచేస్తే నాకు దక్కిన మాట అది. డ్యూటీ దిగాక ఏడ్చేశాను. "నా వల్ల కాదక్కా. వద్దని రాసిచ్చేస్తా" అన్నాను.

"రాసియ్యి, ఎవురొద్దన్నారు? పెరటాసి పోనియ్యి. అప్పుడూ వద్దనిపిస్తే నేనే తెల్లకాయితం తెచ్చిస్తా."

ఆమె నేర్పిన పాఠం ఒక్కటే. బోర్డు ముట్టుకోకుండా, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడాలి. తన డ్యూటీ కాని వేళ కూడా వచ్చి మూల బల్ల మీద కాఫీ తాగుతూ కూర్చునేది. నా చెయ్యి ముందుకు పోతే దగ్గేది. ఆమె లేని పూట మళ్ళీ ఎవరో ఒకరి కుర్చీలో కూర్చునేదాన్ని. సాయంత్రం "ఈ పొద్దు ఏం సూసినావు?" అని అడిగేది. నేను చేసినవి చెప్పబోతే "ఏం సేసినావని అడగలా" అనేది. మొదట్లో చెప్పడానికి ఏమీ ఉండేది కాదు. తర్వాత మెల్లగా కనబడసాగాయి. ఎవరి గొంతు మధ్యాహ్నానికి బొంగురు పోతుందో, ఎవరి పక్కన ఎవరుంటే పని సాగుతుందో, ఏ లైను ఎండకు మొరాయిస్తుందో.

చివరి శనివారం రానే వచ్చింది. చివరి కుర్చీలో కాళహస్తి నుంచి రైల్లో వచ్చే పిల్ల కూర్చుంది. చేరి కొద్ది నెలలే. బూత్‌లోంచి ఒకాయన, కొండమీద వాళ్ళమ్మ తప్పిపోయిందట, నాయుడుపేటకు లైను ఇమ్మని ఆ పిల్ల మీద కేకలేస్తున్నాడు. పిల్ల ఒకచోట గుచ్చాల్సిన తీగ ఇంకోచోట గుచ్చుతోంది. బోర్డు నిండా దీపాలు. వెనకాల నా చేతులు ఒకదాన్నొకటి పిసుక్కుంటున్నాయి. మూల బల్ల దగ్గరున్న పెద్దక్క ఈసారి దగ్గలేదు. తేల్చుకోవాల్సింది నేనే.

నేను కూర్చోలేదు. పక్క పిల్లతో ఈమె దీపాలు కొన్ని అందుకోమన్నాను. బయటికి వెళ్ళి ఆ మనిషిని బెంచీ మీద కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, మాట్లాడించాను. లోపలికి వచ్చేసరికి ఆ పిల్ల గొంతు నిలకడగా వినిపించింది: "నాయుడుపేట లైన్లో ఉండాది, ఆయన్ని రమ్మనండక్కా."

డ్యూటీ దిగాక మెట్ల మీద కూలబడ్డాను. కాళ్ళు లాగుతున్నాయని పెద్దక్కతో అన్నాను.

"ముందర సేతులు గదా నొచ్చేది?"

"ఇప్పుడు కాళ్ళు."

"అంతే మే. అలుపు యాడికీ పోదు. సోటు మారతాది."

అంతలో ఆ పిల్ల సంచీ తగిలించుకుని దిగింది. నా ముందు ఆగింది.

"అక్కా, ఈ పొద్దు మీరొచ్చి నా హెడ్‌సెట్టు తీసుకోలేదే."

"అవసరం లేకపాయె."

"దినామూ మీరొచ్చి కూసుంటా ఉంటే, నేను దీనికి పనికిరాననుకుంటా ఉంటి. ఉజ్జోగం మానేస్తానని మొన్ననే మా నాయనకు సెప్పినా."

సాయం చేస్తున్నాననుకున్నాను ఇన్నాళ్ళూ. "మరి ఇప్పుడు?" అన్నాను.

"రేపు డ్యూటీ ఉండాది గదక్కా" అని రైలుకు పరిగెత్తింది.

పెద్దక్క తన చేతిసంచీలోంచి మడతపెట్టిన తెల్లకాయితం తీసి నా ఒళ్ళో పెట్టింది. "మాటంటే మాటే. కావాల్నా?"

కాయితం మోకాలి మీద సాపు చేసుకున్నాను. రేపు ఎవరు ఏ కుర్చీలో కూర్చోవాలో రాయడం మొదలుపెట్టాను. అన్నిటికంటే ముందు ఆ పిల్ల పేరు రాశాను.