పుత్తూరు బస్సులో నా వైద్యం

తిరుమలకు నేను ఎప్పుడూ అలిపిరి నుంచి నడిచే వెళ్తాను. చూసినవాళ్లు ఎంత భక్తో అనుకుంటారు. భక్తి లేకపోలేదు గానీ, అసలు సంగతి వేరు. బస్సెక్కితే నాకు వాంతులు. మాది పలమనేరు. బెంగళూరులో సైకాలజీ చదివే రోజుల్లో సెలవులకు వచ్చినప్పుడల్లా నాయన బస్టాండులో నా మొహం చూసి ముందు సోడా కొనిచ్చేవాడు, ఆ తర్వాతే బాగున్నావా అని అడిగేవాడు. సైకోథెరపిస్టునయ్యాక తిరుపతిలో ఇంటికి నాలుగు వీధుల అవతలే పేషెంట్లను చూసే గది అద్దెకు తీసుకున్నదీ అందుకే. ఊరందరికీ ధైర్యం చెప్పే మనిషికి బస్సంటే భయమని మా ఆయన చుట్టాల ముందు చెప్పి మరీ నవ్వుతాడు.

నా దగ్గరికి మనిషి ఒక్కడే రావడం అరుదు. అమ్మ, మేనత్త, పక్కింటావిడ వెంట వస్తారు. నేనేం అడిగినా వాళ్లే జవాబు చెబుతారు, బాధపడే మనిషి తప్ప. మొదట్లో ఒళ్లు మండేది. ఇప్పుడు వచ్చినవాళ్లందరికీ టీ తెప్పించి బయట కూర్చోబెట్టి, ఆ మనిషిని మాత్రం లోపలికి పిలుస్తాను.

నేను చెప్పబోయే అమ్మాయి (ఆమెను అడిగే ఇది రాస్తున్నాను) వాళ్లమ్మతో వచ్చింది. శ్రీసిటీలో ఒక ఫ్యాక్టరీలో పని. రోజూ కంపెనీ బస్సులో పోయేది. ఒకరోజు దారిలో గుండె దడదడలాడి, ఊపిరాడక, చచ్చిపోతున్నాననుకుంది. అప్పటినుంచి బస్సు మెట్టు మీద కాలు పెట్టలేకపోతోంది. సెలవు అయిపోవచ్చింది. పై వారం సోమవారం పనిలో చేరకపోతే ఆ చోటు ఇంకొకరిది.

"గుండె పరీక్షలన్నీ చేపించినాం మేడమ్, ఏమీ లేదంటాండారు. తాయెత్తు గూడా కట్టించినాం. ఇంగ ఇంట్లోనే ఉండనీలే అంటాడు వాళ్ల నాయన" అంది తల్లి.

ఆమె టీ తాగడానికి బయటికి వెళ్లాక అమ్మాయి తలెత్తింది. "నాకు ఇంట్లో ఉండాలని లేదు మేడమ్. ఆడ నా మిషన్ ఉండాది. దాన్ని ఇంగొకరికి ఇచ్చేస్తే నేను తట్టుకోలేను."

ఆ మాటతో ఆ పిల్ల నాకు బాగా నచ్చేసింది. దడ వస్తుంది, ఉండేంతసేపు ఉంటుంది, పోతుంది, ప్రాణం మాత్రం తీయదని చెప్పాను. కానీ ఇది చెబితే ఒంటబట్టే సంగతి కాదు. బస్సులో కూర్చుని తెలుసుకోవాలి. మొదట ఇద్దరం బస్టాండుకు పోయి ఊరికే నిలబడ్డాం. తర్వాత ఆగివున్న బస్సులో కూర్చున్నాం. ఇక కదిలే బస్సే మిగిలింది.

"మీరొస్తే ఎక్కుతా మేడమ్" అంది. సరేనని చెప్పి, ఇంటికొచ్చి ఆ మాట మా ఆయన చెవిన వేశాను.

ఆయన పడీపడీ నవ్వి, సంచిలో నిమ్మకాయలు, ప్లాస్టిక్ కవర్లు సర్దిపెట్టాడు. "పేషెంటు ఎవరో కండక్టరుకు ముందే చెప్పుకో" అన్నాడు.

పుత్తూరు బస్సెక్కాం. రేణిగుంట దాటేసరికి అమ్మాయి మొహమంతా చెమట. కిటికీ కడ్డీ గట్టిగా పట్టుకుంది. "దడ వస్తాండాది మేడమ్" అంది. ధైర్యం చెబుదామని నోరు తెరిచాను. వచ్చింది మాట కాదు. కవరు అందింది కాబట్టి పరువు కొంతైనా దక్కింది.

"అయ్యో, ఈడికి రాక్కా, కిటికీ కాడ కూర్చో" అని ఆ అమ్మాయే నన్ను జరిపింది. తల పట్టుకుంది, వీపు రాసింది, నిమ్మకాయ గిల్లి ముక్కు దగ్గర పెట్టింది. మొహం చిట్లించిన ముందు సీటాయనను "ఏం సూస్తాండావు, నీకెప్పుడూ రాలేదా" అని గదమాయించింది. పుత్తూరులో దిగగానే సోడా కొనిచ్చింది. నాకు నాయన గుర్తొచ్చాడు.

తేరుకున్నాక అడిగాను, నీ దడ ఏమైందని.

"వచ్చిందక్కా. నీ తలకాయ పట్టుకోని ఉండాను గదా, అది ఉండేంతసేపు ఉండి పోయింది" అంది మామూలుగా.

గదిలో కూర్చుని నేను చెప్పిన పాఠమంతా అదే. సిగ్గుతో పాటు పట్టలేని సంతోషం కలిగింది. ఒక్క ప్రయాణంతో భయం పోలేదులెండి. ఆ వారంలో మళ్లీ వెళ్లాం, మళ్లీ వెళ్లాం. దడ ఆమెను వదల్లేదు, వాంతి నన్ను వదల్లేదు.

సోమవారం పొద్దున్నే కంపెనీ బస్సు ఆగే చోటికి వెళ్లాను. డ్రైవరును బతిమాలి పుత్తూరు దాకా తోడు పోవాలని నా ఆలోచన. అమ్మాయి నీలం చొక్కా వేసుకుని, మెడలో కార్డుతో నిలబడివుంది. నా చేతిలో సంచి చూసింది.

"నువ్వు రావద్దులే అక్కా. నువ్వొస్తే నిన్ను సూసుకునేదానికే సరిపోతాది. ఈ పొద్దు నా దడను నేను సూసుకోవాల."

బస్సు వచ్చింది. ఆమె మొహాన మళ్లీ చెమట పట్టింది, తలుపు కడ్డీ గట్టిగా పట్టుకుంది. కాలు మాత్రం ఆగకుండా మెట్టెక్కింది.