కదలని మబ్బు

నా ఉద్యోగం కొండల గాలిని ముందుగా చెప్పడం. హిమాలయాల మీదుగా వచ్చే గాలి శిఖరం దాటాక ఎక్కడ అలలా లేస్తుందో, ఎక్కడ విరిగి సుడి తిరుగుతుందో లెక్కగట్టి, అక్కడ విమానాలూ హెలికాప్టర్లూ నడిపేవాళ్లకు పంపాలి. పుట్టింది మాత్రం కొండ కనిపించని చోట. మచిలీపట్నం నుంచి గుడివాడ దాకా రైలు కిటికీలోంచి చూస్తే కంటికి అడ్డొచ్చే ఎత్తు సెల్ టవరే. ఇప్పుడు చిలకలపూడిలో అద్దె ఇంట్లో కూర్చుని, కంప్యూటర్ తెర మీద ఆ గాలిని చూస్తుంటాను.

గాలి చెప్పడం మా కుటుంబానికి కొత్త కాదు. దివిసీమలో మా పెద్దింటి వసారాలో గోడకు బారోమీటరు ఉండేది. ఊళ్లోవాళ్లు దాన్ని అద్దం అనేవారు. వేటకు వెళ్లే పడవలవాళ్లు ముందు వచ్చి వసారా కింద నిలబడేవారు. తాతగారు వేలితో అద్దం తట్టి, ముల్లు చూసి, వెళ్లండనో ఆగండనో చెప్పేవారు. ఆ మాట విని ఆగిన పడవ, మళ్లీ వేటకు వెళ్లొచ్చిన రోజు మొదటి చేపను మా ఇంటికి పంపేది. అది కానుక కాదు, మాటకు దక్కే హక్కు. కానుకలు ఆయన పుచ్చుకునేవారు కాదు.

ఉప్పెనకు పొలాలు చౌడుబారాయి. తరవాత అవీ పోయాయి, చివరికి ఇల్లూ అమ్ముడుపోయింది. కొన్నది ఒకప్పుడు ఆ వసారా కింద నిలబడిన కుటుంబంలోని మనిషే. ఇప్పుడు ఆయనకు బోట్లున్నాయి, అవనిగడ్డలో చేపల వ్యాపారం ఉంది. ఇల్లు ఖాళీ చేసినప్పుడు అద్దం నాతో తెచ్చుకున్నాను. మళ్లీ ఆ గడప తొక్కలేదు. ఆ ఇంటినుంచి వచ్చింది ఏదీ పుచ్చుకోలేదు. ఆయన్ని మీరు అనడం మొదలుపెట్టాను.

"నేనేమన్నా కలెక్టర్నా అమ్మాయిగారూ?" అంటాడు.

మొన్న వేసవిలో ఆయన తల్లిని తీసుకుని ఉత్తరాది కొండ గుడికి వెళ్లాడు. ఆవిడ మోకాళ్లు నడకకు పనికిరావు. హెలికాప్టర్ టికెట్ ఎలాగో దొరికింది. ఎక్కే రోజు పొద్దున ఫోన్ చేశాడు.

"ఇక్కడ కొంతమంది గాలి గాలి అంటన్నారండీ. నాకేం కనపళ్లేదు. ఫొటో పెట్టాను, చూడండి."

చూశాను. ఆకాశం నీలంగా ఉంది. శిఖరం పక్కన బోర్లించిన పళ్లెంలా నున్నటి మబ్బు ఒకటి.

"ఇందాకట్నించీ చూస్తన్నా, ఉన్నచోటే ఉంది. మబ్బు కదలకపోతే ఇంక గాలెక్కడండీ? సముద్రం మీద పెరిగినోణ్ణి, ఆ మాత్రం తెలీదా?"

సముద్రం మీద ఆయన లెక్క చెల్లుతుంది. మా వైపు గాలి మబ్బును తోలుకుపోతుంది, మబ్బు ఆగితే గాలి ఆగినట్టే. కొండ పక్కన అలా కాదు. నా తెర మీద ఆ శిఖరం వెనక అల కనిపిస్తూనే ఉంది. మా హెచ్చరిక అప్పటికే వెళ్లింది. ఎగరాలా వద్దా అన్నది నడిపేవాళ్ల ఇష్టం.

"ఎక్కొద్దు," అన్నాను.

"అమ్మ పట్టుచీర కట్టుకుని కూర్చుందండీ. ఇయ్యాళ తప్పితే మళ్లీ టికెట్ లేదు."

"విను. మొవ్వ కాలవలో నీళ్లు జోరుగా పారేటప్పుడు, మునిగిన బండ అవతల ఎత్తుగా లేస్తాయి, చూశావా?" మీరు అనడం మరిచిపోయాను.

"చూశా."

"ఆ ఎత్తు కదులుతుందా?"

"కదల్దు."

"నీళ్లు?"

"ఓరి నాయనో, గాలి ఆ మబ్బులోంచి పోతందా?" అన్నాడు.

"ఈ వైపు మబ్బు పుడుతుంది, ఆ వైపు కరుగుతుంది. దాని కింద గాలి విరిగితే హెలికాప్టర్‌ని చేటలో బియ్యంలా చెరుగుతుంది."

"ఎక్కం," అన్నాడు.

మళ్లీ ఫోన్ చేసేటప్పటికి గొంతు మారింది. "మొదటి ట్రిప్పోళ్లు దర్శనం చేసుకుని వచ్చేశారండీ. నా ముందే కూర్చుని ప్రసాదం తింటన్నారు. అమ్మ నా మొహం చూడ్డం మానేసింది."

వెనకనుంచి ఆవిడ గొంతు వినిపించింది. "వాళ్ల తాతగారు అద్దం చూసి చెప్పేవోర్రా! ఈవిడ ఏం చూసి చెబుతుందో అడుగు!"

అల ఉన్నా విరగని రోజులుంటాయి. ఫలానా చోట, ఫలానా వేళకని ఎవరూ ఒట్టు పెట్టి చెప్పలేరు. అది విరగకపోతే ఆవిడ దర్శనం నా మాట వల్ల పోయినట్టే. అయినా ఆగమనే అన్నాను.

ఆ తరవాత లేచిన హెలికాప్టర్ లోయ సగంలోనుంచే వెనక్కి తిరిగింది. దిగినవాళ్లు నేల మీద కూలబడి వాంతులు చేసుకున్నారట. ఆ రోజుకు అన్నీ ఆపేశారు. గాలి తగ్గాక ఆవిడ డోలీలో వెళ్లి దర్శనం చేసుకుంది.

ఊరికి తిరిగొచ్చిన కొన్నాళ్లకు తల్లీకొడుకులు ఆటోలో మా ఇంటికి వచ్చారు. ప్రసాదం దేవుడిది కాబట్టి తీసుకున్నాను. తరవాత ఆయన ఐసు పెట్టెలోంచి పెద్ద పండుగప్ప చేపను తీశాడు. నేను పుచ్చుకోనని ఆయనకు తెలుసు. దాన్ని పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"బోటు ఇయ్యాళే వేట నించి వచ్చిందమ్మా," అంది ఆవిడ ఆటోలోంచే. "మొదటి చేప."

తాతగారైతే లేచేవారు కాదు. పనివాడు వెళ్లి అందుకునేవాడు. మా ఇంట్లో ఇప్పుడు పనివాళ్లు లేరు. మెట్లు దిగి, రెండు చేతులా అందుకున్నాను.